డీజిల్ చెట్లు వేసిన చేను

1983 జూన్ 12

ఈ డైరీ యోహాను ఇచ్చిపోయాడు. వాడు పనిచేసే నూనెగింజల కంపెనీది. అట్ట మీద ఒక చెట్టు, చెట్టు కింద లారీ. సగం సంవత్సరం గడిచాక డైరీ ఇచ్చేవాడు లోకంలో మా తమ్ముడొక్కడే ఉంటాడు. ఖాళీగా పడేయడం ఎందుకని రాస్తున్నాను. చదివేవాళ్లెవరూ లేరు, దేవమ్మకు చదువు రాదు.

వాడు నంద్యాల నుంచి జీపులో వచ్చాడు. ఊళ్లో పిల్లలంతా జీపు వెనక పరుగు. కంపెనీ వాళ్లు అడవాముదం మొక్కలు ఇస్తారట, చేనంతా అవే నాటాలట. మూడో ఏట కాయలు కాస్తే కంపెనీ లారీ వచ్చి ఎత్తుకుపోతుందట. ఆ కాయల నూనెతో ఇంజన్లు నడుస్తాయట. అడవాముదమంటే మేం కంచెకు పెట్టే చెట్టు. గొడ్డు ముట్టదు, మేక కూడా ముట్టదు. నాకు నవ్వాగలేదు.

"నవ్వాకు అన్నా. అరబ్బులోళ్లు ఒక్కసారి బిగించేసరికి డీజిల్‌కు ఎంత అల్లాడిపోతిమో చూస్తివి గదా. ఇంక ముందర లారీలు, ట్రాక్టర్లు అన్నీ ఈ కాయల మీదనే నడుస్తాయి."

వంటింట్లోంచి దేవమ్మ అడిగింది. "మరి మనుషులు దేని మీద నడుస్తారు యోహానూ?"

"గవర్మెంటోళ్లు రెండు రూపాయల బియ్యం ఇస్తాండారు గదా వదినా. ఇంకా ఆ జొన్నలు పట్టుకోని ఏం పీకులాడతావు?"

వంటింట్లో రొట్టె కొట్టే చప్పుడు గట్టిగా వినిపించింది. కుదరదని వాడికి చెప్పి పంపించాను.

జూన్ 15

కుదరదంటే కుదరదు. ఉన్నదే నాలుగెకరాల రేగడి. కాలవ నీళ్లు మా మెరకకు ఎక్కవు. వానాకాలం చివర మాఘీలో పచ్చజొన్న వేస్తే ఏడాది పొడుగునా ఇంట్లో రొట్టెకు లోటుండదు, ఎద్దులకు చొప్పకు లోటుండదు. నాయన పోయేటప్పుడు పంచిపెట్టలేదు, మేమూ పంచుకోలేదు. వాడి భాగం రెండెకరాలు వాడు అడవాముదం పెట్టుకున్నా నేను కాదనలేను. కానీ కంపెనీకి ఒకే తునకగా నాలుగెకరాలు కావాలట. వాళ్ల సోకు వాళ్లది.

జూన్ 26

ఈసారి యోహాను బస్సులో వచ్చాడు. చర్చి నుంచి నాతోపాటు నడుస్తూ అసలు సంగతి చెప్పాడు.

"సొంతోళ్లే నమ్మకుంటే ఊరోళ్లు ఎట్ల నమ్ముతారంటాండారు సారోళ్లు. మన చేను ఇస్తేనే నా పని పర్మినెంటు చేస్తారంట అన్నా. లేకుంటే లేదు."

వాడికి పదేళ్లప్పుడు అమ్మ పోయింది. అప్పటి నుంచి నేనే పెంచాను. పెళ్లి చేశాను. కాన్పులో వాడి పెళ్లాం పోతే బిడ్డను తెచ్చి దేవమ్మ ఒళ్లో పెట్టాను. మాకు పిల్లల్లేరు, కృపావతే మా బిడ్డయింది. ఇప్పుడు దానికి నాలుగేళ్లు. నాయన ఎవరని అడిగితే వాడిని చూపిస్తుంది, మళ్లీ నా భుజమే ఎక్కుతుంది.

సరేనన్నాను.

ఒక్క కాపు చూసి, బాగుంటే ఉంచుతాం, లేకుంటే పీకేస్తాం. చెట్టే కదా.

జూలై 3

దేవమ్మ వారం నుంచి మాట్లాడడం లేదు. అన్నం పెడుతుంది, నీళ్లు తోడుతుంది, మాట మాత్రం లేదు. నాకేం బాధ లేదు, ఇల్లు ప్రశాంతంగా ఉంది.

జూలై 17

నాటేశాం. నంద్యాల నుంచి ఇద్దరు సారోళ్లు వచ్చారు, నాకు దండ వేసి ఫొటో తీశారు. మెడలో దండతో చేన్లో నిలబడితే పెళ్లికొడుకులా ఉన్నావని అందరూ ఒకటే ఆట పట్టించడం. పక్కచేను కొండయ్య కూడా తన మూడెకరాలూ ఇచ్చేశాడు. "మత్తయన్న పెట్టినాడంటే ఊరికే పెట్టడు. నాకూ పెట్టించప్పా," అని సారోళ్లను అడిగాడు. చర్చి సంఘపెద్దను కదా, నా మాటకు ఆ మాత్రం విలువ ఉంది.

సాళ్ల మధ్యన రెండేళ్ల దాకా జొన్న వేసుకోవచ్చని సారోళ్లే చెప్పారు. ఆ ముక్క దేవమ్మకు చెప్పాను. "ఊ" అంది. మూడు వారాల తర్వాత మొదటి మాట.

1984 ఫిబ్రవరి 19

కోతల పండగ. సాళ్ల మధ్యన వేసిన జొన్న సగమే పండింది. సగం చేను చెట్లకిచ్చాం కాబట్టి సగం పంట, అందులో తప్పేముంది.

ఉన్నదాంట్లోనే మంచి కంకులు ఏరి కట్ట కట్టి చర్చికి తీసుకుపోయాను. అందరి గింజలూ దేవుని బల్ల ముందర పోశారు. పాస్టరు జీవరత్నం అయ్యగారు ప్రార్థన చేశారు, తర్వాత వేలం పాట. వేలంలో పోగా మిగిలింది ఎప్పటిలాగే పిల్లలకు పంచారు. కృపావతి గౌనులో ఇన్ని జొన్న పేలాలు, ఇంత బెల్లం. దేవుని దగ్గర పెట్టింది కింద పడనీయకూడదని ఎవరు నేర్పారో, ఒక్కొక్క పేలం ఏరుకుని తింటూ ఇంటికొచ్చింది.

1984 అక్టోబరు 21

వాన లేదు. మబ్బు నల్లమల దాకా వచ్చి అక్కడే ఆగిపోతుంది. చెట్లు మాత్రం గుబురుగా పెరిగాయి. విత్తే గొర్రు పట్టుకుపోతే కొమ్మలకు తట్టుకుంటోంది, ఎద్దులు తిరగడానికి చోటు చాలడం లేదు. ఉన్న పదునంతా వాటి వేర్లే తాగాయి. జొన్న జానెడు లేచి ఎండిపోయింది.

మూడో ఏటికి అన్నీ సర్దుకుంటాయి.

నవంబరు 11

వాన లేదు.

డిసెంబరు 9

ఇంట్లో ఒక్క మోపు చొప్ప లేదు. కొనబోతే ఎవరి దగ్గరా లేదు. చేను నిండా ఆకే, నా ఎద్దులు ఒక్క ఆకు ముట్టవు. నిన్న పొద్దున వాటిని చెట్ల మధ్యన వదిలాను. అటూ ఇటూ తిరిగి గట్టు మీద నిలబడ్డాయి.

ఈరోజు ఆళ్లగడ్డ సంతలో ఇచ్చేశాను. వెలుగోడు మనిషి కొన్నాడు. వాళ్లకు చెరువు కింద గడ్డి ఉందట, మంచి చోటికే పోయాయి. తాడు ఆయన చేతికిచ్చి టీ తాగొస్తానని పక్కకు పోయాను. టీ తాగలేదు. బస్టాండు గోడ చాటున నిలబడి ఏడ్చాను, నలభై ఆరేళ్ల వాణ్ని.

1985 ఫిబ్రవరి 17

కోతల పండగ. ఉత్త చేతులతో పోయాను. ఎప్పుడూ ముందు వరసలో కూర్చునేవాణ్ని, ఈరోజు తలుపు దగ్గర కూర్చున్నాను. గాలి బాగా వస్తుందని.

జూన్ 23

రేషన్ బియ్యం ఈ నెల ఇంకా రాలేదు. వచ్చినప్పుడు కూడా దేవమ్మకు అది ఆనదు. పొద్దున తిని కలుపుకు పోతే పదింటికే కళ్లు తిరుగుతున్నాయంటుంది.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి జొన్నరొట్టె వాసన. ఎన్నాళ్లయిందో ఆ వాసన తగిలి. దేవమ్మ అటక మీది గంప దించింది. బూడిద, వేపాకు కలిపి దాచిన విత్తనం పచ్చజొన్న. అమ్మ చేతి మీద నుంచి ఏడాదికేడాది దాస్తూ వచ్చిన విత్తనం.

"విత్తనాలు తీసినావా?" అన్నాను.

"తీయకుండా ఏం చేయమంటావు? చేన్లో చోటు లేదు. ఎద్దులు లేవు. యాడ విత్తుతావు? నీ నెత్తి మీద విత్తుతావా?"

కృపావతి ఒకటి తింది. నేను ఒకటి తిన్నాను. రుచికి ప్రాణం లేచొచ్చింది. ఇంకొకటి పెట్టమని నేనే అడిగాను.

నవంబరు 3

కాశాయి! చెప్పలేదూ, మూడో ఏట కాస్తాయని. గుత్తులు గుత్తులుగా కాయలు. మేమిద్దరం, కొండయ్యా వాళ్లూ కలిసి కోశాం. ఎండబెట్టి కొట్టి గింజలు గోతాలకెత్తాం. నల్లగా నిగనిగలాడుతున్నాయి. అటక నిండిపోయింది, నడవ నిండిపోయింది. దాదాపు రెండేళ్ల తర్వాత ఇంట్లో గోతాలు చూస్తున్నాను. కృపావతి వాటి మీదెక్కి దూకుతోంది. యోహాను వచ్చి చూసి నా చేతులు పట్టుకున్నాడు. వచ్చే వారం సోమవారం లారీ వస్తుందని చెప్పాడు.

నవంబరు 11

లారీ రాలేదు. టైరు పంచరై ఉంటుంది.

నవంబరు 18

ఈ సోమవారం కూడా రాలేదు.

డిసెంబరు 25

క్రిస్మస్. యోహాను రాలేదు. దేవమ్మ మధ్యాహ్నం దాకా వాడి కంచం తీయకుండా అలాగే ఉంచింది.

1986 జనవరి 8

నంద్యాల పోయాను. కంపెనీ ఆఫీసుకు తాళం వేసి ఉంది, బోర్డు కూడా ఊడబీకేశారు. మెట్ల మీద యోహాను కూర్చుని ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకుని, బ్యాగు పట్టుకుని, ఆఫీసుకొచ్చినట్టే. రోజూ అలాగే వచ్చి కూర్చుంటున్నాడట. కింద సైకిలు షాపతను చెప్పాడు. దసరా నుంచి జీతం లేదట.

"వస్తారు అన్నా. పెద్ద సారు హైదరాబాదు పోయినాడు. అక్కడ మిల్లు పెట్టే పని జరుగుతాంది. రాగానే ముందర మన కాయలే ఎత్తిస్తానని మాటిచ్చినాడు."

"ఎప్పుడిచ్చినాడు మాట?"

"వినాయక చవితికి."

హోటలుకు తీసుకుపోయి అన్నం పెట్టించాను. తలెత్తకుండా తిన్నాడు. వాడి చెంప పగలగొట్టాలనిపించింది, దగ్గరకు తీసుకోవాలనీ అనిపించింది, రెండూ చేయలేదు. ఊరికి రమ్మంటే రాలేదు. సారు వచ్చేసరికి తను ఆఫీసు దగ్గర లేకపోతే ఎట్లా అన్నాడు.

ఊరి గానుగ వాడిని కూడా అడిగి చూశాను. ఒక్కసారి ఆడిస్తే గానుగంతా చేదెక్కి జనం మళ్లీ తన నూనె కొనరన్నాడు. కొండయ్య దారిలో ఎదురైతే మామూలుగానే "ఏం అన్నా" అంటాడు. తిట్టినా బాగుండేది.

ఫిబ్రవరి 15

రేపు కోతల పండగ. వరసగా రెండో ఏడు ఉత్త చేతులతో పోయే ముఖం నాకు లేదు. సంఘపెద్దను. మంచి గింజలు ఏరి కడిగి తుడిచి, పెళ్లినాటి ఇత్తడి పళ్లెంలో పోశాను. చుట్టూ బంతిపూలు పెట్టాను. చూడ్డానికి ఎంత బాగుందో.

దేవమ్మ వచ్చి చూసింది.

"తినేదానికి రానిది దేవుని ముందర పెడతావా?"

"తినేదే పెట్టాలని యాడుంది? దీపాలకు నూనె దేవునిది కాదా? నా చేను పండించింది ఇదే. ఇదే పెడతా."

"పెట్టుకో," అని లోపలికి పోయింది.

నాకు తృప్తిగానే ఉంది. చేను నాది, కష్టం నాది. ఎందుకు సిగ్గుపడాలి?

ఫిబ్రవరి 16

పండగ బాగా జరిగింది. కరువులో కూడా ఎవరికి తోచింది వాళ్లు తెచ్చారు. ఒకరు గుమ్మడికాయ, ఒకరు కోడిపెట్ట, ఒకరు శేరు కందులు. జీవరత్నం అయ్యగారు నా పళ్లెం చూసి ఒక్క క్షణం ఆగారు, తర్వాత దాని మీద కూడా చెయ్యి పెట్టి ప్రార్థించారు. వేలంలో నా పళ్లేన్ని ఎవరూ పాడలేదు. ఎవరో "లారీ వచ్చి పాడుతుందిలే" అన్నారు, అందరూ నవ్వారు. కొండయ్య నవ్వలేదు. పళ్లెం అక్కడే బల్ల మీద వదిలేసి వచ్చాను. రేపు తెచ్చుకోవచ్చు.

కృపావతికి కడుపు నొప్పిగా ఉందట. ఎండలో తిరిగింది.

ఫిబ్రవరి 17

ఎండదెబ్బే. లేదా చర్చిలో పంచిన బొరుగులు పాచివై ఉంటాయి. ఇంకో ఇద్దరు పిల్లలకు కూడా వాంతులట. బొరుగులే.

ఫిబ్రవరి 21

నంద్యాల పెద్దాసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. ఊరికే కూర్చుంటే ఊపిరాడడం లేదు.

సోమవారం సాయంత్రానికి వాంతుల్లో నెత్తురు పడింది. "బేగా లే, బేగా," అని దేవమ్మ బిడ్డను చీరెకొంగులో చుట్టుకుని రోడ్డు మీదికి పరుగెత్తింది. బస్సులో దారంతా బిడ్డ నా తొడ మీద మెలికలు తిరిగింది. కళ్లు లోపలికి పోయాయి. మిగతా ఇద్దరు పిల్లలూ ఒకటి రెండు తిన్నారు, ఊళ్లోనే కోలుకున్నారు. ఇది గౌను నిండా పోసుకుని తింది. డాక్టరు ఏం తిన్నావని అడిగితే చెప్పింది.

"నల్లకాయలు. పగలగొడితే లోపల తెల్లగుంటాయి. శెనక్కాయల మాదిరి తియ్యగుంటాయి."

నేను వంగి అడిగాను. "కంచె కాయలు తినాకని పెద్దమ్మ ఎన్నిసార్లు చెప్పింది తల్లీ?"

"అవి కంచెవి కాదు పెదనాయనా. దేవుని దగ్గరవి. అయ్యగారు ప్రార్థన చేసినాడు గదా."

బిడ్డ తప్పేమీ లేదు. దేవుని బల్ల మీద పెట్టింది తినేదని ఈ ఊళ్లో ప్రతి బిడ్డకూ నేర్పిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఆ బల్ల మీద విషం పెట్టింది నేను. పూలు కూడా పెట్టాను.

యోహాను వచ్చాడు. అదే చొక్కా, అదే బ్యాగు. మంచం పట్టె పట్టుకుని ఏడ్చాడు. "నాదే తప్పు వదినా. నన్ను చంపెయ్యి," అన్నాడు.

దేవమ్మ వాడి వైపు తిరగకుండానే అంది. "నీ తప్పని అనుకుంటే ఈ మూడేండ్లు నీకు అన్నం పెట్టేదాన్నా? నువ్వు అడిగితివి. ఇచ్చినోడు పక్కనే కూర్చున్నాడు, చూడు."

ఫిబ్రవరి 26

నిన్న బిడ్డ గంజి తాగింది. కడుపులో నిలిచింది. బతుకుతుందన్నాడు డాక్టరు. కిడ్నీలు కొంచెం దెబ్బతిన్నాయి, జాగ్రత్తగా చూసుకోమన్నాడు. దేవుడు ఉన్నాడని రాయాలనుంది. చెయ్యి రావడం లేదు.

మార్చి 16

గోతాలన్నీ వంకలో గుంత తీసి పారబోసి మన్ను కప్పాను. కొండయ్య కూడా తనవి తెచ్చి నా గుంతలోనే పోశాడు.

తర్వాత గడ్డపార పట్టుకుని ఇద్దరం నా చేన్లో దిగాం. సాయంత్రం దాకా తవ్వితే ఒక సాలు కూడా పూర్తి కాలేదు. వేర్లు రేగడి నెర్రెల్లోకి దిగి పట్టుకున్నాయి. చెట్ల పాలు తగిలి చేతులు పొక్కాయి. పైన నరికితే పది రోజులకే కింద చిగురు. ట్రాక్టరు పెట్టించే స్తోమత ఇద్దరికీ లేదు.

కొండయ్య గట్టు మీద కూర్చుని మొదటిసారి అడిగాడు. "మత్తయన్నా, నీకు ముందరే తెలుసునా, ఇట్లయితాదని?"

"తెలీదు" అన్నాను. నిజమే. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. అది వాడికి చెప్పలేదు.

జూలై 20

కుందేరు పక్క వరినాట్లకు కూలికి పోతున్నాం, నేనూ దేవమ్మా. సొంత చేను ఉన్నవాడు కూలికి రావడమేందని మేస్త్రీ అడిగాడు. చేను ఖాళీగా లేదని చెప్పాను.

యోహాను నంద్యాలలోనే ఒక లాడ్జీలో పని చేస్తున్నాడట. ఊరికి రావడం లేదు. కృపావతి అడగడం లేదు.

సెప్టెంబరు 28

వాన. రాత్రంతా పడి పొద్దునకు తెరిపిచ్చింది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఇంత మంచి మాఘీ పదును చూడలేదు. చేతిలోకి తీసుకుంటే మన్ను ముద్ద కడుతోంది. గొర్రు పెడితే వెన్నలో దిగినట్టు దిగుతుంది.

ఊరంతా తిరిగాను. పచ్చజొన్న విత్తనం ఎవరి దగ్గరా లేదు. కొందరు కరువులో తిన్నారు, కొందరు పత్తికి పోయి వదిలేశారు. ఉన్నా ఏం చేస్తాను? ఒక్క సాలు మందం చోటు తప్ప నా చేను నిండా అవే చెట్లు. వానకు కడిగినట్టయి మెరుస్తున్నాయి. దారిన పోయేవాళ్లు చేను భలే పచ్చగుందే అంటున్నారు.

1987 ఫిబ్రవరి 1

దేవమ్మ పక్క ఊళ్లో జొన్నకోతకు పోయి, కూలికి దుడ్లు వద్దని గింజలే అడిగి తెచ్చింది. పచ్చజొన్న కాదు, హైబ్రీడు తెల్లజొన్న. అయినా జొన్నే. సాయంత్రం రొట్టె కొట్టింది. వేడి వేడిది కృపావతి కంచంలో వేసి, మిరపకాయ కారం పక్కన పెట్టి, గొడ్డు లేని కొట్టంలోకి పుల్లల కోసం పోయింది.

బిడ్డ రొట్టెను చూసింది. వేలితో తాకింది. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచి ఏది పెట్టినా ఇదే వరస. తర్వాత నా ముఖం చూసింది.

"పెదనాయనా, ఇది తినేదేనా?"

"తినేదే తల్లీ. జొన్నరొట్టె. నువ్వు పుట్టినప్పటి నుంచి తినిందే."

"మన చేన్లోదా?"

"కాదు."

"అయితే నువ్వు తిను ముందర."

ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాను. నమిలాను, మింగాను. నేను మింగేదాకా నా గొంతు వైపే చూసింది. తింటుందనుకున్నాను. తినలేదు. కంచం కొంచెం వెనక్కి జరిపింది.

"కొంచేపు ఆగుదాం పెదనాయనా," అంది.

సరేనన్నాను. ఇద్దరం రొట్టె ముందర పెట్టుకుని కూర్చున్నాం.